ముల్లు నిన్నటి చోటే నిలవాలి

ముఖం మీది రంధ్రాల్లో జిడ్డును లాగేసే వ్యాక్యూమ్ యంత్రాన్ని అమ్మడానికి వచ్చినవాళ్లు దాని బలం గురించి చెబుతారు. ఇంత పవరు, ఇన్ని లెవెళ్లు, ఇన్ని హ్యాండ్‌పీసులు. దాన్ని రెండేళ్లు వాడినవాళ్లను అడిగి చూడండి, బలం ఊసే ఎత్తరు. నిన్న మూడో నంబరు మీద ఎంత లాగిందో ఇవాళా మూడో నంబరు మీద అంతే లాగితే చాలంటారు. పొద్దున పదింటికి వచ్చిన కస్టమరుకూ సాయంత్రం ఏడింటికి వచ్చిన కస్టమరుకూ తేడా రాకూడదంటారు. వినడానికి చిన్న కోరికే. కానీ గాలి, నీళ్లు, నూనె, ఆమ్లం, చచ్చిన చర్మం రోజంతా ఒకే సన్నటి గొట్టంలో నడిచే యంత్రంలో ఆ చిన్న కోరిక తీరాలంటే వెనకాల ఒక మనిషి ఉండాలి.

అలాంటి మనిషిని నేను చూసింది బంజారాహిల్స్‌లో ఒక మోస్తరు స్పాలో. అక్కడ సీనియర్ థెరపిస్టు ఆమె. అంతకుముందు పళ్ల డాక్టరు దగ్గర అసిస్టెంటుగా చేసింది. ఆ అనుభవం ఈ కథలో అక్కరకొస్తుంది. జూనియర్లంతా అక్కా అంటారు. మిజోరం నుంచి వచ్చి పనిచేస్తున్న అమ్మాయిలకూ ఆ పిలుపు అలవాటైపోయింది. నేనూ అక్క అనే రాస్తాను. స్పాకు ఏడాది సర్వీసు కాంట్రాక్టు ఉంది, ఇంజనీరు వస్తాడు, సంతకం తీసుకుని వెళ్తాడు. మధ్యలో యంత్రాన్ని నడిపించుకునేది మాత్రం అక్కే.

ముందు యంత్రం సంగతి. చక్రాల మీద ఒక పెట్టె, లోపల వ్యాక్యూమ్ పంపు. పంపు నుంచి ఒక గొట్టం మురికినీళ్ల సీసాకు వెళ్తుంది, సీసా నుంచి ఇంకో గొట్టం థెరపిస్టు చేతిలోని హ్యాండ్‌పీసుకు వస్తుంది. అదే హ్యాండ్‌పీసుకు మరో సన్నటి గొట్టం సీరం సీసా నుంచి వచ్చి కలుస్తుంది. సీరాన్ని ఎవరూ నెట్టరు. హ్యాండ్‌పీసు చివర ఉన్న టిప్పు చర్మానికి అంటుకుని దారి మూసుకోగానే లోపల గాలి పలచబడుతుంది, సీరం దానంతట అదే సీసాలోంచి బయల్దేరుతుంది. టిప్పు మీది మెలికల గాడుల్లో తిరిగి, చర్మం మీది జిడ్డునూ మృతకణాలనూ కలుపుకుని, రెండో గొట్టంలోంచి మురికి సీసాలో పడుతుంది. చర్మం తగలకపోతే ఈ చుట్టు పూర్తి కాదు. కస్టమరు బుగ్గ కూడా ఆ కాసేపు యంత్రంలో ఒక విడిభాగమే.

ఈ వంశం మరీ పాతదేం కాదు. అల్యూమినియం ఆక్సైడ్ పొడిని చర్మం మీదికి చిమ్మి, వెంటనే వ్యాక్యూమ్‌తో వెనక్కి పీల్చే పద్ధతి 1985లో ఇటలీలో మొదలైంది. తర్వాత పొడి స్థానంలో వజ్రపు రజను అతికించిన టిప్పులు వచ్చాయి. ఆ తర్వాత నీటి పద్ధతి వచ్చింది. కాలిఫోర్నియాలో 1997లో పుట్టిన ఎడ్జ్ సిస్టమ్స్ కంపెనీ హైడ్రాఫేషియల్ అనే పేరును ఎంతగా వ్యాపింపజేసిందంటే, మన ఊళ్లలో ఏ కంపెనీ యంత్రంతో చేసినా బోర్డు మీద ఆ పేరే రాస్తున్నారు. అయితే చర్మం మీద గాలిని పలచన చేయడం మాత్రం మనకు చాలా పాత విద్య. చెడు రక్తం తీయడానికి సుశ్రుతుడు జలగతో పాటు కొమ్మునూ సొరకాయ బుర్రనూ చెప్పాడు. కొమ్మును నోటితో పీల్చాలి. బుర్రలో దీపం పెట్టి చర్మం మీద ఆనిస్తే లోపలి గాలి వేడెక్కి, చల్లారుతూ పలచబడి, కింద చర్మం ఉబికి వస్తుంది. ఆ బుర్రకు మీటరు లేదు. ఎంత పట్టిందో వైద్యుడు కంటితో పోల్చుకోవాల్సిందే.

అక్క యంత్రానికి మీటరు ఉంది గానీ, దాన్ని చదవడంలోనే కిటుకంతా ఉంది. పంపు చర్మాన్ని లాగుతోందని మనం అంటాం. నిజానికి లోపల గాలి తగ్గినందువల్ల బయటి గాలి చర్మాన్ని లోపలికి తోస్తుంది. కాబట్టి బయటి గాలికి ఎంత ఒత్తిడి ఉందో అంతకు మించి ఎంత ఖరీదైన పంపూ చేయగలిగింది లేదు. సముద్రమట్టం దగ్గర ఆ ఒత్తిడి 760 మిల్లీమీటర్ల పాదరసం, అంగుళాల్లో చెబితే దాదాపు 30. హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ ఆ లెక్క 28 దగ్గరికి దిగిపోతుంది. విశాఖపట్నంలో గేజి మీద 26 చూపించిన పంపును తెచ్చి బంజారాహిల్స్‌లో పెడితే 24 దాటి పెద్దగా పోదు. పంపుకు ఏ జబ్బూ లేదు, పీఠభూమి ఎక్కింది అంతే. మాన్యువల్లో రాసిన అంకె రాలేదని కొత్త యంత్రం దిగిన రోజే గొడవపడే మేనేజర్లు ఉంటారు. అక్క మాన్యువల్ అంకెను పట్టించుకోదు. యంత్రం కొత్తగా ఉన్నప్పుడు ఇక్కడ, ఈ గదిలో, టిప్పు మూసి పెడితే ముల్లు ఎక్కడిదాకా లేచిందో ఒక లాంగ్ నోట్‌బుక్ మొదటి పేజీలో రాసి పెట్టుకుంది. ఏ రోజు పోల్చినా దానితోనే.

పొద్దున మొదటి కస్టమరు రాకముందు ఆమె చేసే పరీక్ష మూడు నిమిషాల్లో అయిపోతుంది. స్విచ్ వేసి, పంపు మోత వింటుంది. హ్యాండ్‌పీసును గాలిలో వదిలి ముల్లు చూస్తుంది. గ్లవుజు వేసుకున్న బొటనవేలితో టిప్పు మూసి మళ్లీ చూస్తుంది. ముల్లు ఎక్కడిదాకా లేచిందన్నదే కాదు, ఎంత త్వరగా లేచిందన్నదీ గమనిస్తుంది. వేలు తీశాక ఎంత త్వరగా పడిందో కూడా. తర్వాత తన ముంజేతి లోపలి వైపు, చర్మం పలచగా ఉండేచోట ఒక్కసారి జార్చి చూసుకుంటుంది. అంకె పుస్తకంలో రాస్తుంది.

ఇందులో రెండు సూత్రాలున్నాయి, అమ్మాయిలకు మొదటి వారమే నేర్పుతుంది. హ్యాండ్‌పీసు తెరిచి ఉన్నా ముల్లు పైనే నిలబడితే దారి ఎక్కడో పూడుకుపోయింది. హ్యాండ్‌పీసు మూసినా ముల్లు లేవకపోతే గాలి ఎక్కడి నుంచో చొరబడుతోంది, లేదా పంపే అలిసిపోయింది. ఈ రెండు జబ్బులూ ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. కానీ ముఖం మీద రెంటికీ లక్షణం ఒకటే, టిప్పు పట్టదు. మొదటిది మరీ మోసకారి. గేజి ఉండేది పంపు పక్కన, ముఖం పక్కన కాదు. గొట్టం మధ్యలో పూడుకుంటే గేజి బ్రహ్మాండంగా చూపిస్తుంది, బుగ్గ దగ్గర మాత్రం ఏమీ ఉండదు.

పట్టడం లేదని తెలిసిన వెంటనే కొత్తవాళ్ల చేయి నాబ్ మీదికి పోతుంది. అక్క గొంతు పెంచడం నేను విన్నది ఆ ఒక్క సందర్భంలోనే.

“పట్టట్లేదక్కా, ఐదులో పెట్టనా?”

“మూడులో ఏమైందో చూడకుండా ఐదెందుకే? ముందు టిప్పు ముఖం మీంచి తియ్యి.”

ఆ కేకకు కారణం ఉంది. గొట్టంలో ఏదో అడ్డుపడి సక్షన్ తగ్గింది, నాబ్ ఐదుకు పెంచాం అనుకుందాం. సీరం నడుస్తూ నడుస్తూ ఆ అడ్డు ఒక్కసారిగా వదిలిపోతుంది. అప్పటిదాకా గొట్టంలో ఆగిన ఐదో నంబరు బలమంతా రెప్పపాటులో కంటి కింద పలచటి చర్మం మీద పడుతుంది. లోపలి సన్నటి రక్తనాళాలు చిట్లి అక్కడ గుండ్రటి కందిన మచ్చ తేలుతుంది. మన చామనఛాయ, నలుపు ఒంటి రంగులకు దీంతో ఇంకో తిప్పలుంది. కందిన చోట మెలనిన్ ఎక్కువగా పేరుకుని, ఎరుపు పోయాక కూడా నల్లమచ్చ నెలల తరబడి ఉండిపోవచ్చు. మచ్చలు పోగొట్టుకోవడానికి డబ్బు కట్టి వచ్చిన మనిషికి మచ్చ పెట్టి పంపడం కన్నా ఈ వృత్తిలో అవమానం లేదు. థెరపిస్టు చేయి ఒక్కచోట ఆగకుండా జరుగుతూ ఉండాలన్న నియమం అందరికీ తెలుసు. ఎంత నేర్పుగా జరిపే చేయి అయినా, నంబరు చెప్పినదాన్ని యంత్రం ఇవ్వకపోతే ఏం చేయగలదు?

లీకును పట్టుకోవడం చూడాలి అక్క దగ్గర. పంక్చర్ షాపులో ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు చూస్తారు కదా. ఇక్కడ ఆ కిటుకు తిరగబడుతుంది. గాలి బయటికి రాదు, లోపలికి పోతుంది. అందుకని బుడగల్ని గొట్టం లోపల వెతుకుతుంది. సీరం గొట్టం పారదర్శకంగా ఉంటుంది, వెనక తెల్లకాగితం పెట్టి చూస్తే చిన్న బుడగల వరస కనిపిస్తుంది. ఆ వరస ఏ జాయింటు దగ్గర మొదలైందో లీకు అక్కడ. మురికి గొట్టంలో ఈ పద్ధతి పనిచేయదు, అందులో ఎలాగూ గాలీ నీళ్లూ కలిసే వస్తాయి. అక్కడ మొన మీద రబ్బరు తొడిగిన ఫోర్సెప్స్‌తో గొట్టాన్ని నొక్కుతుంది. పంపు దగ్గర మొదలుపెట్టి ఒక్కో జాయింటూ దాటుకుంటూ వస్తుంది. నొక్కినప్పుడల్లా ముల్లు పూర్తిగా లేచిందంటే అక్కడిదాకా దారి బాగున్నట్టు. ఏ జాయింటు దాటాక ముల్లు తడబడిందో తప్పు దానిదే. ఒక్క స్క్రూ కూడా విప్పకుండా ఇదంతా అయిపోతుంది. కంగారుపడి అన్నీ విప్పి మళ్లీ బిగించే మెకానిక్కులను చాలామందిని చూశాను. లీకు పోతుంది గానీ ఎక్కడ ఉందో వాళ్లకూ తెలియదు, వచ్చే నెల మళ్లీ వస్తుంది.

చాలాసార్లు దొంగ దొరికేది మురికి సీసా మూత దగ్గర. ఓ-రింగు మీద ఒక్క వెంట్రుక పడినా చాలు, సీసా గాలిని నిలపదు. కొందరు ఓ-రింగుకు వాజిలిన్ పూస్తారు. రింగు ఈపీడీఎం అనే రకం రబ్బరుదైతే అది పడదు, రింగు ఉబ్బి వదులైపోతుంది. దానికి సిలికాన్ గ్రీజు బియ్యపుగింజంత చాలు. రింగే సిలికాన్‌దైతే ఆ గ్రీజు కూడా వద్దు, ఉత్త నీటి తడి సరిపోతుంది.

ఇంకో దొంగ గొట్టం చివర. పీవీసీ గొట్టానికి వయసు వచ్చేది ముందు చివరలోనే. రోజూ తీసి పెట్టే చోట అది పసుపు రంగుకు తిరిగి, గట్టిపడి, వెడల్పై కనెక్టరును పట్టుకోవడం మానేస్తుంది. తెలియనివాళ్లు దాని మీద కేబుల్ టై వేసి బిగిస్తారు. గొట్టం గుండ్రం పోయి ఇంకా కారుతుంది. అక్క కొత్త బ్లేడుతో చివర అరంగుళం అడ్డంగా, నేరుగా కోసేసి, మెత్తగా ఉన్న కొత్త చివరను తొడుగుతుంది. గొట్టం కొన్నప్పుడే నాలుగు వేళ్ల పొడవు ఎక్కువ తీసుకోవడం అందుకే. గాలి నడిచే లైనుకు కావలసిన గొట్టం, ఓ-రింగులు, చిన్న వాల్వులు సికింద్రాబాదు రాణీగంజ్‌లో దొరుకుతాయి. పంపులూ పైపులూ అమ్మే ఆ దుకాణాల్లో పాత రింగు చేతిలో పెడితే చాలు, సైజు చూసి తీసి ఇస్తారు. సీరం నడిచే గొట్టం మాత్రం కంపెనీదే వేస్తుంది, ఎంత ఖరీదైనా సరే. అందులోంచి వెళ్లేది నేరుగా ముఖానికి తగులుతుంది మరి. ఎక్కడ పొదుపు చేయాలో, ఎక్కడ చేయకూడదో ఆమె గీసిన ఈ గీత నాకు చాలా నచ్చింది.

రాత్రి చేసే పని అసలు పని. చివరి కస్టమరు వెళ్లాక అందరికీ ఇంటికి పోవాలని ఉంటుంది. యంత్రం ఆరిపోవడానికి కూడా అదే సమయం కావాలి. ఈ సీరాల్లో తరచుగా ఉండే సాలిసిలిక్ ఆమ్లం నీళ్లలో సరిగా కరగదు. మామూలు వేడిమిలో లీటరు నీటికి 2 గ్రాములు కరిగితే గొప్ప. సీసాలో దాన్ని నిలిపి ఉంచేవి వేరే ద్రావకాలు. టిప్పు గాడుల్లో మిగిలిన చుక్క రాత్రంతా ఆరితే సూదుల్లాంటి తెల్లటి స్ఫటికాలు మిగులుతాయి. ఇక హైలురానిక్ ఆమ్లం, గ్లిజరిన్ కలిసిన సీరాలైతే జిగురుపొర కడతాయి. దాని మీద మర్నాటి స్ఫటికాలు, మళ్లీ జిగురు. గొట్టం లోపలి దారి ఇలా వెంట్రుకవాసి చొప్పున సన్నబడుతుంది కాబట్టి ఏ ఒక్క రోజూ తేడా తెలియదు. తడిగా ఉన్నప్పుడు కడిగితే రెండు నిమిషాల పని, ఎండాక కడిగితే రెండు గంటలు.

కడగడానికి ఒక వరస ఉంది. ముందు డిస్టిల్డ్ వాటర్ లాగిస్తుంది. తర్వాత కంపెనీ ఇచ్చిన క్లీనింగ్ ద్రావణం. అది గొట్టం నిండాక పంపు ఆపి, సీసా మీద రాసినంత సేపు అలాగే వదిలేస్తుంది. ఆ తర్వాత మళ్లీ డిస్టిల్డ్ వాటర్, చివర ఉత్త గాలి. విడివిడిగా కడిగే భాగాలకూ వరస ఇంతే, ముందు సబ్బునీళ్లు, తర్వాతే క్రిమిసంహారకం. జిడ్డు పొర ఉండగా మందు పోస్తే అది జిడ్డు మీదే ఖర్చైపోతుంది, కింద ఉన్న క్రిమికి అందదు. మందు తడి ఎంతసేపు ఉండాలో అంతసేపు ఉండాలి, వెంటనే తుడిచేస్తే పోసిందంతా వృథా. స్పిరిట్ అన్నిటికీ పనికొస్తుందనుకోవడం కూడా తప్పే. అక్రిలిక్ మూతల్ని ఆల్కహాలుతో తుడుస్తూ పోతే సన్నటి పగుళ్లు పుడతాయి, ఆ పగుళ్లే మళ్లీ లీకులు. బ్లీచింగ్ ద్రావణాన్ని ఆమె ఆ గదిలోకే రానివ్వదు. లోహపు భాగాల్ని తినేస్తుందన్నది ఒక కారణం. ఇంకోటి పెద్దది. గొట్టంలో మిగిలిన ఆమ్లంతో అది కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. అదీ తలుపులు మూసిన ఏసీ గదిలో.

ఇక్కడే పళ్ల డాక్టరు దగ్గర నేర్చుకున్నది పనికొచ్చింది. పళ్ల కుర్చీకి నీళ్లు తెచ్చే గొట్టాలూ ఇలాగే సన్నగా ఉంటాయి. అంత సన్నటి గొట్టంలో నీరు కొంచెం, నీటికి తగిలే గోడ ఎక్కువ. రాత్రంతా కదలిక లేకపోతే ఆ గోడకు బాక్టీరియా అతుక్కుని, జారుడు పొర కట్టుకుని, దాని చాటున పెరుగుతుంది. దాన్నే బయోఫిల్మ్ అంటారు. అమెరికాలోని సీడీసీ 2003లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పళ్ల కుర్చీ నీటిలో మిల్లీలీటరుకు 500 బాక్టీరియా కాలనీలు దాటకూడదు. స్పాల్లో ఎవరూ అలా లెక్కపెట్టమని అడగరు. అక్క లెక్కపెట్టదు గానీ అక్కడి అలవాట్లన్నీ ఇక్కడికి మోసుకొచ్చింది. కస్టమరుకూ కస్టమరుకూ మధ్య అరనిమిషం నీరు లాగిస్తుంది. గొట్టాన్ని చుట్ట చుట్టి సొరుగులో పెట్టనివ్వదు, చుట్టలో కింది మెలికలో నీరు నిలుస్తుంది కాబట్టి. గోడకు ఎత్తున రెండు కొక్కేలు కొట్టించి, మధ్యభాగం వాటికి తగిలించి, రెండు చివరలూ కిందికి వేలాడేలా వదులుతుంది. కింద ఒక తెల్ల తువ్వాలు. పొద్దున ఆ తువ్వాలు మీది మరకను చూసే రాత్రి ఎవరు సరిగా కడగలేదో చెప్పేస్తుంది.

నీళ్ల విషయంలో మొండితనం చూపించాల్సి వచ్చింది. ఆర్వో నీళ్లు చాలవా అని యాజమాన్యం అడిగింది. ఆర్వో నీళ్లలో లవణాలు తగ్గుతాయే తప్ప పోవు, పైగా తాగే ఆర్వోలకు రుచి కోసం కొంత కలుపుతారు కూడా. ఇక హైదరాబాదు బోరు నీళ్ల సంగతి చెప్పక్కర్లేదు, గీజరు విప్పినవాళ్లకు తెలుసు. సూది బెజ్జమంత దారి ఉన్న వాల్వులో సున్నపు పొర పడితే దాన్ని కడగడం ఉండదు, మార్చడమే.

మురికి సీసాకూ పంపుకూ మధ్య ఒక చిన్న బిళ్ల లాంటి ఫిల్టరు ఉంటుంది. గాలిని పోనిచ్చి నీటిని ఆపేసే పీటీఎఫ్ఈ పొర దాని లోపల. ఆసుపత్రి సక్షన్ యంత్రాల్లో ఉండేదీ ఇదే. సీసా నిండిపోయినా, నురుగు పైకి పొంగినా పంపులోకి నీరు పోకుండా ఇది అడ్డం పడుతుంది. నురుగులోని సబ్బు పదార్థానికి మాత్రం ఆ పొర తట్టుకోలేదు. ఒకసారి లోపలిదాకా తడిసిందా, గాలికి కూడా దారి ఇవ్వదు. హ్యాండ్‌పీసు తెరిచి ఉన్నా ముల్లు పైనే నిలిచే జబ్బుకు సగం సార్లు మందు ఈ బిళ్ల మార్చడమే. దాన్ని ఆరబెట్టి మళ్లీ వాడటం, ఇంకా ఘోరంగా, దాన్ని తీసేసి నేరుగా గొట్టం కలిపేయడం నేను వేరేచోట్ల చూశాను. యంత్రం ఆ రోజుకు గట్టిగానే లాగుతుంది. తర్వాత పంపు పోతుంది. అక్క ప్రతి ఫిల్టరు మీదా వేసిన తేదీ మార్కరుతో రాస్తుంది. బాణం గుర్తు పంపు వైపే ఉందా అని రెండుసార్లు చూస్తుంది.

ఆ మురికి సీసా వ్యాపారానికి పెద్ద నటుడు. అయిపోయాక దాన్ని కస్టమరు ముందు పెట్టి, చూశారా మీ ముఖంలోంచి ఎంత వచ్చిందో అంటారు. నిజం చెప్పాలంటే అందులో ఎక్కువ భాగం పోసిన సీరమే. మిగతాది మృతకణాలు, చర్మపు నూనె, పొద్దున రాసుకున్న సన్‌స్క్రీన్. బ్లాక్‌హెడ్ నలుపు కూడా మట్టి కాదు, మెలనిన్, గాలి తగిలి మారిన నూనె. ఆవిరి పడితే రంధ్రాలు తెరుచుకుంటాయని చెబుతారు గానీ, తెరుచుకోవడానికీ మూసుకోవడానికీ వాటికి కండరం లేదు. ఈ మాటలు కస్టమర్లకు చెప్పి వ్యాపారం చెడగొట్టమని నేను అనను. అక్క పాటించే మర్యాద ఒకటుంది, అది చాలు నాకు. ప్రతి మనిషికీ ముందు ఆ సీసాను ఖాళీ చేసి, కడిగి, తుడిచి పెడుతుంది. ఎవరి సీసాలో ఉన్నది వాళ్లదే.

పంపు గురించి కొంచెం. ఇందులో నూనె ఉండదు. రబ్బరు డయాఫ్రమ్ ఒకటి ముందుకూ వెనక్కూ కదులుతుంటే రెండు పలచటి వాల్వు రేకులు తెరుచుకుని మూసుకుంటాయి. ఎంత ఫిల్టరు ఉన్నా తడిగాలి కొంత లోపలికి పోతుంది. యంత్రం ఆపాక చల్లబడి ఆ తడి నీరవుతుంది, రేకులు అంటుకుంటాయి. అందుకే రాత్రి కడగడం అయ్యాక గొట్టం విప్పేసి పంపును కొన్ని నిమిషాలు ఉత్తగా తిప్పుతారు. వాల్వు రేకు అంటుకుంటే మోత బరువెక్కి తడబడుతుంది. డయాఫ్రమ్ చిరిగితే మోత తేలికైపోతుంది, ముల్లు లేవదు. అక్క పక్క గదిలో మసాజ్ టేబుల్ మీద దుప్పటి మారుస్తూనే ఈ తేడా పట్టేస్తుంది. రేడియో పాటలు పెట్టనివ్వకపోవడం చాదస్తం అనుకున్నాను మొదట.

అమెరికా నుంచి వచ్చేసిన ఒక తెలుగు దంపతులు సామానుతో పాటు అక్కడి యంత్రాన్ని తెచ్చుకుని మాదాపూర్‌లో క్లినిక్ తెరిచారు. 110 వోల్టులకు దించే ట్రాన్స్‌ఫార్మర్ కొన్నారు. అయినా సక్షన్ మందంగా ఉంది, పంపు కాలిపోతున్నంత వేడి. అక్కను పిలిపించారు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని దించుతుంది గానీ హెర్ట్జ్‌ను మార్చదు. అక్కడి కరెంటు 60, మన కరెంటు 50. నేరుగా ఏసీ మీద తిరిగే మోటారు ఇక్కడ ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది, పైగా వేడెక్కుతుంది. ఆమె పంపు మీది రేకు చదివి, యంత్రం మంచిదే, మన దేశపు మోటారున్న పంపు వేయించుకోండి అని చెప్పి వచ్చింది. విప్పలేదు, బిగించలేదు.

టిప్పుల దగ్గర ఆమె లెక్క కఠినం. ఒకసారి వాడి పారేయాల్సిన ప్లాస్టిక్ టిప్పును కస్టమరు ముందే కవరు చింపి తీస్తుంది, అయిపోయాక ముందే పారేస్తుంది. వజ్రపు రజను టిప్పులు, గాజు టిప్పులు మళ్లీ వాడేవి. వజ్రపు టిప్పు గింజల మధ్య చర్మపు పొడి ఇరుక్కుంటుంది, బ్రష్షుకు రాదు. అల్ట్రాసోనిక్ క్లీనరులో వేసి, తీసి, భూతద్దంతో చూస్తుంది. ఆ తర్వాతే ఆటోక్లేవు, 121 డిగ్రీల దగ్గర. గాజు టిప్పు అంచును దూదితో చుట్టూ తుడుస్తుంది. ఒక్క పోగు చిక్కుకుందంటే అక్కడ కంటికి కనపడని పెచ్చు లేచినట్టు. బుగ్గ మీద గీరుకునేదాకా ఆగరు కదా. పక్కన పెట్టదు, అక్కడే విరిచి చెత్తలో వేస్తుంది. పక్కన పెడితే రద్దీ రోజున ఎవరో ఒకరు మళ్లీ తీస్తారట.

ఆ లాంగ్ నోట్‌బుక్ నేను తిరగేశాను. రోజుకొక వరస, తేదీ, మూసినప్పటి అంకె, తెరిచినప్పటి అంకె, ఎవరు కడిగారు. కొన్నిచోట్ల ‘వాన, గది తేమ’ అని. ఒక చోట అంకె వారం పాటు అర గీత చొప్పున దిగుతూ వచ్చింది. అర గీత అంటే ఆ గేజి మీద రెండు గీతల మధ్య సగం. ఎవరూ ఫిర్యాదు చేయలేదు, చేసేంత తేడా కాదు. ఎనిమిదో వరసలో ‘డయాఫ్రమ్ మార్చాం’ అని ఉంది, కింద మళ్లీ మొదటి పేజీ అంకె.

ఇప్పుడు స్పా యజమాని కొత్త యంత్రం కొనాలనుకుంటున్నారు. పెద్ద టచ్ స్క్రీను, ముఖం ఫొటో తీసి విశ్లేషిస్తుందట, సీసా మీది చిప్పు చదివి తన కంపెనీ సీరమైతేనే నడుస్తుందట. డీలరు కుర్రాడు టై కట్టుకుని వచ్చి స్క్రీను మీద వేలు జరుపుతూ చూపించాడు. అక్క చాలాసేపు విని, సక్షన్ గేజి ఎక్కడుందని అడిగింది. స్క్రీను మీద పచ్చరంగు గుర్తు వస్తుంది మేడమ్, అంతా బాగుంటే, అన్నాడతను. బాగోకపోతే? ఎర్ర గుర్తు. మధ్యలో ఏమీ ఉండదా అంది. డయాఫ్రమ్ కిట్టు విడిగా అమ్ముతారా, ఫిల్టరు బయట దొరికేది పడుతుందా, గొట్టం అడుగు ఎంత అని వరసగా అడిగింది. అతను కేటలాగ్ తిరగేస్తుంటే యంత్రం వెనక్కి వెళ్లి వంగి స్క్రూలు చూసింది. మామూలు స్క్రూడ్రైవరుకు లొంగేవి కావు. ఈ తలకు పట్టే రెంచీ యంత్రంతో పాటు ఇస్తారా, లేకపోతే నేనే రాణీగంజ్‌లో కొనుక్కోవాలా బాబూ, అని అడిగింది.